తీర్థం తిండి, పోటీ కేకులు ఇంట్లోనే: వైజాగ్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రి తీర్థాల (జాతరల) దగ్గర్నుంచి అనకాపల్లి నూకాలమ్మ జాతర, దసరా తర్వాత విజయనగరం సిరిమానోత్సవం, మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి ఉత్సవాలు, ఆ వెంటనే క్రిస్మస్ కేకులు... ఏడాదంతా ఇవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. బజ్జీ నూనె పీల్చేసింది, జిలేబీ మెత్తబడిపోయింది, కేకు మధ్యలో కుంగిపోయింది, బిస్కెట్ పొద్దున్నకి సాగుతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఒక్కమాట మాత్రం ముందే చెప్పాలి. వీటిలో సగం ఇబ్బందులు రెసిపీ వల్ల వచ్చేవి కావు, మన సముద్రపు గాలి వల్ల వచ్చేవి. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో తీసిన వీడియో చూసి అచ్చం అలాగే చేస్తే మనకి కుదరదు, కొంచెం మార్చుకోవాలి.

## మొదలుపెట్టే ముందు

ఓటీజీ (కేకులు కాల్చే కరెంటు ఒవెన్) లేదండి, మైక్రోవేవ్ ఒక్కటే ఉంది, కేకు అవుతుందా?

మీ మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే హాయిగా అవుతుంది. 180 డిగ్రీలు పెట్టి ఖాళీగా పది నిమిషాలు ప్రీహీట్ చేసి అప్పుడు టిన్ను పెట్టండి. కన్వెక్షన్‌లో అల్యూమినియం టిన్ను వాడొచ్చు, మైక్రో మోడ్‌లో మాత్రం లోహం ఏదీ పెట్టకూడదు. కన్వెక్షన్ లేని మామూలు మైక్రోవేవ్ అయితే పిల్లలకి మగ్ కేకు వరకే, పైన ఎర్రగా రంగు రాదు కాబట్టి పోటీకి పనికిరాదు. దానికంటే కుక్కరే నయం.

కుక్కర్‌లో కేకు పెడితే అడుగు మాడిపోతోంది, ఏం చెయ్యాలి?

గ్యాస్కెట్టు, విజిల్ రెండూ తీసేసి, అడుగున ఒక కప్పు కళ్లుప్పు పరిచి దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి మీడియం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత టిన్ను లోపల పెట్టి మంట పూర్తిగా సిమ్‌లోకి తగ్గించేసి 40 నుంచి 45 నిమిషాలు. మాడేది సాధారణంగా రెండు కారణాలకి: స్టాండు పొట్టిగా ఉండి టిన్ను ఉప్పుకి దగ్గరైపోవడం, లేదంటే ఇంకా ఉడకలేదేమో అని మధ్యలో మంట పెంచెయ్యడం. ఈ పనికి పాత కుక్కరు ఒకటి వేరేగా పెట్టుకోండి, కొత్తదాన్ని ఖాళీగా కాల్చి పాడుచేసుకోవద్దు. ఆ ఉప్పు మళ్లీ వంటకి పనికిరాదు కానీ డబ్బాలో దాచుకుంటే కేకులకి ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు.

కప్పు కొలతలు చాలవా, తూకం మిషను కొనాల్సిందేనా?

ఇంట్లో తినడానికైతే కప్పు చాలు. పోటీకైతే కొనండి, ఎందుకంటే మైదా కప్పులో వదులుగా పోస్తే 120 గ్రాములు, అదే కప్పుతో డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వెళ్లిపోతుంది, ఆ 30 గ్రాముల తేడాకే కేకు మెత్తగా రావడం పోయి గట్టిగా వస్తుంది. పంచదార కప్పు 200 గ్రాములు, ఇందులో పెద్ద తేడా రాదు. మిషను లేకపోతే కనీసం మైదాని స్పూన్‌తో కప్పులో వేసి, చాకుతో పైన చదును చెయ్యండి, అదిమేయొద్దు.

వాన రోజుల్లో ఏవి చెయ్యకూడదు?

అల్పపీడనం పట్టి రెండ్రోజులుగా ముసురు ఉందంటే జీళ్లు, వేరుశనగ చిక్కీ, మెరాంగ్ (గుడ్డు తెల్లసొన, పంచదార గిలక్కొట్టి కాల్చేది), కరకరలాడే బిస్కెట్లు పెట్టుకోవద్దు. పంచదార, బెల్లం గాలిలో తేమని లాగేసుకుంటాయి, మీరు ఎంత బాగా చేసినా సాయంత్రానికి జిగురు వచ్చేస్తుంది. అలాంటి రోజు బజ్జీలు, పకోడీలు, ఇంకా కేకులు చేసుకోవచ్చు. కేకుకి తేమ వల్ల నష్టం తక్కువ.

## మూకుడు దగ్గర

మిర్చి బజ్జీ బీచ్ రోడ్డులో దొరికేలా రావట్లేదు, పైన కరకరలాడట్లేదు

పావుకేజీ శనగపిండికి రెండు పెద్ద స్పూన్ల బియ్యప్పిండి, అర స్పూన్ వాము, ఉప్పు, చిటికెడు వంట సోడా, కలిపాక చివర్లో ఒక స్పూన్ కాగిన నూనె. జారు ఎలా ఉండాలంటే గరిట ముంచి తీస్తే వెనకవైపు మందంగా పట్టుకుని నెమ్మదిగా జారాలి, నీళ్లలా కారిపోకూడదు. మిర్చిని నిలువుగా చీల్చి గింజలు తీసి వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పెట్టండి, మిర్చి పైన తడి ఉంటే పిండి పట్టదు కాబట్టి గుడ్డతో తుడవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఇక బండి మీద ఆ కరకర ఎలా వస్తుందంటే వాళ్లు రెండుసార్లు వేపుతారు. మొదట ముప్పావు వంతు వేపి తీసి పక్కన పెట్టేస్తారు, మనం వెళ్లి అడిగాక మళ్లీ నూనెలో వేస్తారు. కట్ మిర్చి అయితే ముక్కలు కోసి వేస్తారు కాబట్టి కోసిన వైపు కూడా గట్టిపడుతుంది. ఇంట్లోనూ ఇంతే, చుట్టాలు వచ్చే గంట ముందు సగం వేపి ఉంచుకుని, వాళ్లు కూర్చున్నాక రెండో విడత వెయ్యండి.

నూనె తెగ పీల్చేస్తోంది

నూనె చల్లగా ఉన్నప్పుడు వేస్తే పీలుస్తుంది, సోడా ఎక్కువైతే పీలుస్తుంది, ఒకేసారి మూకుడు నిండా వేసేస్తే వేడి పడిపోయి అప్పుడూ పీలుస్తుంది. 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక చుక్క పిండి వెయ్యండి, అడుగుకి వెళ్లి వెంటనే పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, వేసీ వెయ్యగానే ఎర్రబడిపోతే మంట తగ్గించండి.

ఎగ్జిబిషన్‌లో అమ్మే పెద్ద ఢిల్లీ అప్పడం ఇంట్లో వేపొచ్చా?

వేపొచ్చు, అసలు సమస్య మూకుడు సైజే. పచ్చి అప్పడం వేగాక ఇంకా పెద్దదవుతుంది కాబట్టి వెడల్పాటి మూకుడు కావాలి, నూనె మాత్రం రెండంగుళాల లోతు ఉంటే చాలు. చిల్లుల గరిటెతో ఒక్కసారి లోపలికి నొక్కి వెంటనే తిప్పి తీసెయ్యాలి, మొత్తం ఐదారు సెకన్ల పని. కారం, చాట్ మసాలా వేడి మీదే జల్లాలి, చల్లారాక జల్లితే అంటుకోదు, రాలిపోతుంది. పచ్చి అప్పడాలు మెత్తబడి ఉంటే ముందు ఒక గంట ఎండలో పెట్టండి.

మురీ మిక్చర్ ఇంట్లో కలిపితే రెండు నిమిషాలకే మెత్తగా అయిపోతోంది

మరమరాలు ప్యాకెట్ విప్పిన రోజే మన గాలికి మెత్తబడతాయి. కలిపే ముందు ఉత్త మూకుట్లో సన్న మంట మీద రెండు మూడు నిమిషాలు వేపి చల్లార్చండి, నోట్లో వేసుకుంటే కరకర వినపడాలి. తర్వాత కలిపే వరస ముఖ్యం. ముందు మరమరాలకి ఒక స్పూన్ నూనె, కారం, ఉప్పు, పసుపు పట్టించెయ్యండి, ఆ నూనె పొర తడిని కొంచెం ఆపుతుంది. తర్వాత వేపిన పల్లీలు, కారప్పూస, ఉల్లిపాయ, కొత్తిమీర. టమాటా గింజలు, రసం తీసేసి కండ మాత్రమే తరిగి వెయ్యండి, నిమ్మకాయ అన్నిటికన్నా ఆఖర్న పిండండి. ఇంత చేసినా ఇది కలిపిన ఐదు నిమిషాల్లో తినాల్సిన తిండే, బండి అతను ఒక్కొక్కరికి విడిగా కలిపేది అందుకే. ముంత కింద పప్పు అమ్మేవాళ్లు నిప్పుల ముంతని పైన పెట్టుకుని తిరిగేవారు కదా, అదీ ఇదే కారణానికి, ఆ సెగకి తేమ చేరదు. నాకైతే ఈ ఊరి తిండిలో అంతకన్నా తెలివైన పనితనం ఇంకోటి కనపడలేదు.

పాప్‌కార్న్‌లో సగం గింజలు పేలట్లేదు

గింజ లోపల 14 శాతం దాకా నీరు ఉంటుంది, ఆ నీరు ఆవిరై తోసేస్తేనే పేలుతుంది. పాత స్టాకు ఎండిపోయి ఉంటే పేలదు. ఒక సీసాలో పావుకేజీ గింజలకి ఒక స్పూన్ నీళ్లు పోసి మూతపెట్టి రెండు మూడు రోజులు మధ్యమధ్యలో కుదుపుతూ ఉంచండి, చాలావరకు దారిలోకి వస్తాయి. పేలాక మాత్రం మూత కొంచెం తీసి ఆవిరి పోనివ్వాలి, లేకపోతే సాగుతుంది.

వేపిన నూనె ఎన్నిసార్లు వాడొచ్చు?

ఇన్నిసార్లు అని లెక్క పెట్టడం కుదరదు, ఎంతసేపు కాగింది, అందులో ఎంత పిండి రాలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే కాగే కొద్దీ నూనె చెడి పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదు, ఇంట్లో అది కొలవలేం. కాబట్టి రంగు ముదిరినా, నురగ దిగకపోయినా, మామూలు కంటే ముందే పొగ వచ్చినా పారెయ్యండి. సింకులో పొయ్యొద్దు, పైపులు పట్టేస్తాయి. వాడదగ్గ నూనె అయితే చల్లారాక గుడ్డలో వడకట్టి, రెండు మూడు రోజుల్లో పోపులకి వాడెయ్యండి.

## పాకం దగ్గర

జిలేబీ మొదట బాగుంటోంది, పది నిమిషాలకి వడలిపోతోంది

వేపుడు చాలకపోవడం ఒకటి, పాకం పల్చనవ్వడం రెండు. కప్పు మైదా, ఒక పెద్ద స్పూన్ శనగపిండి, పావు కప్పు పుల్ల పెరుగు, తగినన్ని నీళ్లు కలిపి పులియబెట్టాలి. రాత్రంతా అని రాస్తారు గానీ మన మే నెలలో ఆరేడు గంటలకే పులిసిపోతుంది, ఎక్కువ ఉంచితే చుట్టలు తిరగవు, నూనెలో విడిపోతాయి. నూనె లోతు తక్కువ, మంట మీడియం, లోపలి గొట్టం కూడా గట్టిపడేదాకా నిదానంగా వేపాలి. పాకానికి ఒకటిన్నర కప్పు పంచదార, ముప్పావు కప్పు నీళ్లు, తీగ పాకం రాగానే నాలుగు చుక్కల నిమ్మరసం, అది వేస్తే పాకం గడ్డకట్టదు. పాకం గోరువెచ్చగా కంటే కొంచెం ఎక్కువ వేడి ఉండాలి, మరిగేది కాదు. జిలేబీ వేడిగా వేసి అర నిమిషంలో తీసెయ్యండి.

తీర్థంలో అమ్మే జీళ్లు ఇంట్లో వస్తాయా?

వస్తాయి, చెయ్యి కాలుతుందన్న భయం లేకపోతే. పావుకేజీ బెల్లం కొంచెం నీళ్లలో కరిగించి వడకట్టి ముదురు పాకం పట్టాలి, నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి తీసి గిన్నెకేసి కొడితే ఠంగుమని చప్పుడు రావాలి. నెయ్యి రాసిన పళ్లెంలో పోసి, పట్టుకునేంత వేడికి రాగానే చేతులకి నెయ్యి రాసుకుని సాగదీసి మడిచి, సాగదీసి మడిచి, అలా చేస్తూనే ఉండాలి. లోపల గాలి చేరే కొద్దీ నల్లటి పాకం బంగారు రంగులోకి, ఆ తర్వాత ఇంకా తెల్లగా వస్తుంది. తీర్థంలో గుంజకి మేకు కొట్టి లాగేది ఇదే. తాడులా చేసి కత్తెరతో ముక్కలు కోసి వేపిన నువ్వుల్లో దొర్లించి వెంటనే గాలి చొరని సీసాలో పెట్టెయ్యండి. ఇద్దరు ఉంటే మంచిది, ఒకరు లాగుతుంటే ఒకరు కొయ్యాలి, చల్లబడితే ఇక కత్తెర దిగదు.

పీచుమిఠాయి మిషను లేకుండా చెయ్యొచ్చా?

ఆ పీచు రాదు. కరిగిన పంచదార సన్న చిల్లుల్లోంచి వేగంగా తిరుగుతూ బయటికి చిమ్మితేనే దారం అవుతుంది, ఫోర్కులతో విసిరితే వచ్చేది గట్టి గాజు దారాలు, అవి కేకు మీద అలంకారానికి బాగుంటాయి అంతే. చిన్న మిషను కొనుక్కుంటే రంగు వెయ్యకుండా తెల్లగానే చేసి పెట్టండి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వాలు పీచుమిఠాయిని నిషేధించింది రోడమిన్ బి అనే బట్టల రంగు అందులో దొరికినందుకే. పిల్లలు తెల్లదైనా అంతే ఇష్టంగా తింటారు.

మాడుగుల హల్వా ఇంట్లో కుదురుతుందా?

గోధుమ పాల హల్వా కుదురుతుంది, మాడుగులలో కట్టెల పొయ్యి మీద చేసేవాళ్ల చేతి రుచి మాత్రం వేరు. గోధుమలు రెండ్రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి రుబ్బి పాలు తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి, పైన తేరిన నీళ్లు పారబోసి అడుగున పేరుకున్న చిక్కటి పాలే వాడాలి. పాకంలో పోసి సన్న మంట మీద నెయ్యి కొంచెం కొంచెం వేస్తూ గంట పైనే కలపాలి, వేసిన నెయ్యి తిరిగి బయటికి వదిలినప్పుడు దించండి. పావుకేజీ గోధుమలతో మొదలుపెట్టండి, మొదటిసారే కేజీ పెట్టుకుంటే చెయ్యి పడిపోతుంది.

## కేకు పిండి కలిపేటప్పుడు

బటర్ రూమ్ టెంపరేచర్‌లో ఉండాలంటారు, మా ఇంట్లో అయితే కరిగి నూనె అయిపోతోంది

ఆ మాట చల్లటి దేశాల్లో పుట్టింది, వాళ్ల గది 20 డిగ్రీలు, మే నెలలో మన వంటిల్లు 34. ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి పది, పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. వేలితో నొక్కితే గుంట పడాలి, పైన నూనె మెరుపు రాకూడదు. కరిగిన బటర్‌లో గాలి నిలవదు, గాలి లేకపోతే కేకు పొంగదు. పంచదార పొడితో నాలుగైదు నిమిషాలు తెల్లగా వచ్చేదాకా బీట్ చేసి, గుడ్లు ఒక్కొక్కటే వెయ్యండి, విరిగినట్టు కనిపిస్తే ఒక స్పూన్ మైదా వేస్తే కలిసిపోతుంది. సాల్టెడ్ బటర్ అయితే విడిగా ఉప్పు వెయ్యొద్దు.

కార్తీక మాసం, గుడ్డు వెయ్యం, అయినా మెత్తగా రావాలి

ఒక కప్పు గట్టి పెరుగు, ముప్పావు కప్పు పంచదార బాగా కలిపి, అందులో ఒకటింబావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ వంట సోడా వేసి ఐదు నిమిషాలు వదిలెయ్యండి, బుడగలు వస్తాయి. అర కప్పు వాసన లేని నూనె, వెనిలా, తర్వాత జల్లించిన ఒకటిన్నర కప్పు మైదా. ఎక్కువ కలపొద్దు, పొడి కనపడకపోతే ఆపెయ్యడమే. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పెరుగు నీళ్లగా ఉంటే గుడ్డలో ఒక అరగంట వేలాడదీసి వాడండి.

అనకాపల్లి బెల్లంతో కేకు చేస్తే బరువుగా వస్తోంది

బెల్లంలో తేమ ఉంటుంది, పంచదార బదులు అంతే తూకం వేసి పాలు తగ్గించకపోతే పిండి పల్చనైపోయి లోపల ముద్దగా ఉంటుంది. 200 గ్రాముల బెల్లానికి రెసిపీలో పాలు రెండు మూడు స్పూన్లు తగ్గించండి. తురిమి, ఆ కొంచెం పాలలోనే గోరువెచ్చగా కరిగించి వడకట్టండి, ఇసుక, చెరకు పీచు దిగుతాయి, పూర్తిగా చల్లారాకే కలపాలి. పావు టీస్పూన్ సోడా వేస్తే పొంగు కూడా వస్తుంది, రంగు కూడా ముదురుతుంది. మార్కెట్లో తెల్లగా మెరిసే దిమ్మ కన్నా ముదురు రంగుది ఎంచుకోండి, తెలుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది, పైగా కేకులో రుచి నల్లబెల్లానిదే. శొంఠి, యాలకులు వేస్తే వెనిలా అక్కర్లేదు.

అరకు కాఫీ ఫ్లేవర్ ఎలా తెప్పించాలి?

పొడి నేరుగా వేస్తే పంటికి తగులుతుంది. చికోరీ లేని పొడితో చిక్కటి డికాషన్ తీసి, పాలలో సగం బదులు అది పొయ్యండి. 2019లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేకతకి ఇచ్చే గుర్తింపు) వచ్చిన కాఫీ మన పక్కనే పండుతుంటే ఎసెన్స్ సీసా ఎందుకండి.

## ఒవెన్‌లో పెట్టాక

కేకు బాగా పొంగి, తీసేసరికి మధ్యలో గుంట పడుతోంది

మొదటి 25 నిమిషాల్లో తలుపు తీసి చూశారా? చల్లగాలి తగిలితే ఇంకా గట్టిపడని మధ్యభాగం కూలిపోతుంది. అది కాకపోతే బేకింగ్ పౌడర్ ఎక్కువై ఉంటుంది, కప్పు మైదాకి ఒక టీస్పూన్ దాటకూడదు. మూడోది, ఉడక్కుండానే తీసెయ్యడం. టూత్‌పిక్ మధ్యలో గుచ్చాలి, అంచున కాదు. మన తేమకి బేకింగ్ పౌడర్ కూడా తొందరగా చస్తుంది, అర స్పూన్ వేడినీళ్లలో వేస్తే బుసబుసా పొంగాలి, పొంగకపోతే డబ్బా పడెయ్యండి.

మధ్యలో కరెంటు పోయింది, ఏం చెయ్యాలి?

పెట్టిన పది నిమిషాల్లోపు పోతే కుక్కర్ వేడి చేసి అందులోకి మార్చెయ్యండి. సగం పైన ఉడికాక పోతే కదపొద్దు, తలుపు తియ్యొద్దు, లోపలి వేడికే కొంత ఉడుకుతుంది, కరెంటు వచ్చాక మళ్లీ పెట్టి టూత్‌పిక్‌తో చూసుకోండి.

బిస్కెట్లు రాత్రి కరకర, పొద్దున్న మెత్తన

పూర్తిగా చల్లారకముందే డబ్బాలో పెట్టినా, చల్లారాక కూడా బీచ్ వైపు బాల్కనీ గాలికి వదిలేసినా ఇదే. జాలీ మీద అరగంట ఆరబెట్టి వెంటనే బిగుతు మూత డబ్బాలో పెట్టండి. మెత్తబడినవి పారెయ్యక్కర్లేదు, 150 డిగ్రీల్లో ఐదు నుంచి ఏడు నిమిషాలు పెడితే మళ్లీ కరకర వస్తుంది.

క్రిస్మస్ ప్లమ్ కేకులో పళ్లన్నీ అడుగుకి దిగిపోతున్నాయి

నానిన పళ్లని జల్లెడలో వేసి రసం వాడ్చి, ఒక స్పూన్ మైదాలో దొర్లించి ఆఖర్న కలపండి, పిండి కూడా చిక్కగా ఉండాలి. రమ్ము వద్దనుకునేవాళ్లు నారింజ రసంలోనో ద్రాక్ష రసంలోనో ఫ్రిజ్‌లో ఒక రాత్రి నానబెడితే సరిపోతుంది. 150 డిగ్రీల్లో గంటం పావు నుంచి గంటన్నర, పైన ముందే రంగొచ్చేస్తే ఫాయిల్ కప్పండి. కోసే తొందర వద్దు, రెండో రోజుకి రుచి కుదురుకుంటుంది. రసంలో నానబెట్టినది ఈ ఉక్కలో బయట ఎక్కువ రోజులు ఉంచకండి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

## పోటీకి, స్టాల్‌కి

అపార్ట్‌మెంట్ పోటీలో జడ్జీలు ఏం చూస్తారు?

పైన క్రీము పూలకన్నా ముందు ముక్క కోసి చూస్తారు. లోపల గుల్ల సమానంగా ఉందా, అడుగున తడి చార ఉందా, అంచు మాడిందా, నోట్లో పిండి రుచి తగులుతోందా, సోడా వాసన వస్తోందా. అందుకే ఎండాకాలం పోటీ అయితే క్రీము కేకు తీసుకెళ్లొద్దు, హాల్లో ఏసీ లేకపోతే జడ్జీ మీ బల్ల దగ్గరికి వచ్చేసరికి అది జారిపోతుంది. బటర్, పంచదార, గుడ్లు, మైదా నాలుగూ సమాన తూకంతో చేసే పౌండ్ కేకు, కొంచెం నిమ్మతొక్క తురిమి, చక్కగా కాల్చి తీసుకెళ్లండి. సాదా కేకు సరిగ్గా రావడమే కష్టం, అది తెలిసిన జడ్జీ దానికి విలువ ఇస్తారు. ముందురోజే కాల్చి చల్లార్చి చుట్టిపెట్టుకుంటే ముక్క పొడిపొడిగా రాలకుండా వస్తుంది.

బజ్జీలు ఇంట్లో చేసి స్టాల్‌కి తీసుకెళ్తే నీరుకారిపోతున్నాయి

స్టీలు డబ్బాలో మూతపెట్టడం వల్లే, ఆవిరి మూతకి తగిలి మళ్లీ బజ్జీల మీదే పడుతుంది. వెదురు బుట్టలో పల్చగా పరిచి పైన గుడ్డ వెయ్యండి. న్యూస్‌పేపర్ వద్దు, ఆ సిరా తిండిలోకి దిగుతుందని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వద్దనే చెప్తోంది. విస్తరాకులు వాడండి, పూర్ణా మార్కెట్ వైపు దొరుకుతాయి. ఇంట్లో సగం వేపి, స్టాల్ దగ్గర చిన్న స్టవ్వు మీద రెండో విడత వేపగలిగితే ఇంకేం కావాలి.

స్టాల్‌కి ఎంత సరుకు కొనాలి?

మురీ మిక్చర్‌కి మనిషికి 25 గ్రాముల మరమరాలు అనుకోండి, కేజీకి 40 పొట్లాలు వస్తాయి. పాప్‌కార్న్‌కి 100 గ్రాముల గింజలు పేలితే మూడు లీటర్ల గిన్నె నిండి పైకి వస్తుంది. పౌండ్ కేకు కేజీకి 50 గ్రాముల ముక్కలు 20. నిమ్మకాయలు, ఉల్లిపాయలు మాత్రం లెక్క కన్నా ఎక్కువే తీసుకోండి, సాయంత్రం ఏడు తర్వాత జనం పెరిగినప్పుడు ముందు అయిపోయేవి అవే, అప్పుడు కొనడానికి పరిగెత్తే మనిషి ఉండరు.